నీళ్ళల్లో బుడగ వెలిగించడం ఎలా: ఇంట్లో సోనోల్యూమినిసెన్స్

ముందే చెప్పేస్తున్నా, ఈ ప్రయోగంలో ఎలక్ట్రానిక్స్ కన్నా నీళ్ళే ఎక్కువ ఏడిపిస్తాయి. ఖరీదైన ఆంప్లిఫైయర్ కొన్నా, సిగ్నల్‌ని స్క్రీన్ మీద గీతలా చూపించే కొత్త ఆసిలోస్కోప్ తెచ్చినా, నీళ్ళల్లో గాలి ఎక్కువుంటే బుడగ కుదురుగా నిలవదు, బుడగ నిలవకపోతే వెలుగు లేదు, అంతే. కాబట్టి గాలి తీయడం గురించి రాసిన భాగం బోర్ కొట్టినా స్కిప్ చేయకండి, మిగతావి అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు.

అసలు ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో చెప్తా. నీళ్ళల్లోకి గట్టి అల్ట్రాసౌండ్ పంపిస్తే అందులో ఉన్న గాలి బుడగ ఆ సౌండ్ ఊగే ప్రతి సైకిల్‌లో ఒకసారి ఉబ్బి వెంటనే దభాల్న కుంగిపోతుంది, కుంగిన ఆ క్షణంలో నీలం రంగు వెలుగు చిమ్ముతుంది, దీన్నే సోనోల్యూమినిసెన్స్ అంటారు. 1934లో జర్మనీలో కొలోన్ యూనివర్సిటీలో ఫ్రెంజెల్, షుల్టెస్ అని ఇద్దరు, ఫోటోలు త్వరగా డెవలప్ అవుతాయేమోనని డెవలపర్ తొట్టిలో అల్ట్రాసౌండ్ పెట్టారు, తీరా చూస్తే ఫిల్మ్ మీద చిన్న చిన్న చుక్కలు పడ్డాయి, వెతగ్గా వెతగ్గా తేలిందేంటంటే ఆ వెలుగు బుడగల నుంచే వస్తోందని. కానీ అక్కడ వేల బుడగలు గుంపుగా ఉండేవి, దేన్నీ విడిగా పట్టుకుని చూడ్డానికి వీల్లేదు. అమెరికాలో మిసిసిపి యూనివర్సిటీలో ఫెలిపే గైటాన్, ఆయన ప్రొఫెసర్ లారెన్స్ క్రమ్ కలిసి 1989 ప్రాంతంలో ఒకే ఒక్క బుడగని ఫ్లాస్క్ మధ్యలో నిలబెట్టి వెలిగించారు. మనం చేయబోయేది ఇదే. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్ఏ అనే యూనివర్సిటీలో సేథ్ పుటర్‌మన్ గ్రూపు ఈ మెరుపు ఎంతసేపు ఉంటుందో కొలిస్తే 50 పికోసెకన్ల (పికోసెకన్ అంటే సెకనులో లక్ష కోట్ల వంతు) కన్నా తక్కువే అని వచ్చింది, 1997లో జర్మనీలో ఇంకా మంచి పద్ధతిలో కొలిచి 60 నుంచి 250 పికోసెకన్ల దాకా ఉంటుందని తేల్చారు.

లెక్క చూడండి. బుడగ మామూలుగా 4, 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) రేడియస్ ఉంటుంది, సౌండ్ ప్రెషర్ తగ్గే సగం సైకిల్‌లో 50 మైక్రాన్ల దాకా ఉబ్బుతుంది, కుంగినప్పుడు అర మైక్రాన్‌కి వచ్చేస్తుంది, అంటే రేడియస్ వందో వంతు, లోపలి చోటు పది లక్షల వంతు. సైకిల్ పంపు కొడుతుంటే కింది భాగం వేడెక్కడం చూసే ఉంటారు, ఇక్కడ ఆ నొక్కుడు ఎంత స్పీడ్‌గా జరుగుతుందంటే వేడి బయటికి పోవడానికి టైం ఉండదు, లోపలి గ్యాస్ పదివేల డిగ్రీల లెవెల్‌కి వెళ్ళి కొంచెం అయనీకరణ చెంది, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి, వెలుగుతుంది. సెకనుకి పాతిక వేల పైన మెరుపులు వస్తాయి కాబట్టి కంటికి ఆగకుండా వెలుగుతున్న చుక్కలా కనిపిస్తుంది గానీ, ఆ మెరుపులన్నీ కలిపినా సెకనులో వెలిగి ఉండేది కొన్ని మైక్రోసెకన్లే.

ఇంకో తమాషా ఏంటంటే మీరు పెట్టింది గాలి బుడగే అయినా కాసేపటికి లోపల మిగిలేది దాదాపు ఆర్గానే. ఆ వేడికి నైట్రోజన్, ఆక్సిజన్ విడిపోయి రియాక్ట్ అయ్యి నీళ్ళల్లో కరిగిపోతాయి, గాలిలో ఒక్క శాతం కూడా లేని ఆర్గాన్ మాత్రం దేనితోనూ కలవదు కాబట్టి ఉండిపోతుంది. డెట్లెఫ్ లోజె, హిల్గెన్‌ఫెల్డ్ అనే సైంటిస్టులు 1997లో ఈ మాట చెప్పారు, దానికి ముందే ఉత్త నైట్రోజన్ బుడగ సరిగ్గా వెలగదని, అందులో ఒక శాతం ఆర్గాన్ కలిపితే వెలుగు బాగా పెరుగుతుందని యూసీఎల్ఏ వాళ్ళు 1994లో చూపించారు. మనకి దీనివల్ల లాభం ఏంటంటే ఆర్గాన్ సిలిండర్ కోసం తిరగక్కర్లేదు, గాలి చాలు.

సరే పనిలోకి వద్దాం. ఇందులో మొదటిసారి దిగేవాళ్ళు నేరుగా ఒంటి బుడగ మీద పడకండి, ముందు అల్ట్రాసోనిక్ క్లీనర్‌తో మొదలుపెట్టండి. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు కడగడానికి, బంగారం షాపులో నగలు మెరిపించడానికి వాడే చిన్న స్టీలు తొట్టి ఉంటుంది చూశారా, అదే. ఎక్కువగా 40 కిలోహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. తొట్టిలో నీళ్ళు పోసి ఓ పది నిమిషాలు ఊరికే నడపండి, కరిగి ఉన్న గాలి కొంత బయటికొచ్చేస్తుంది, తర్వాత వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ ముక్క నిలువుగా ముంచి ఒకటి రెండు నిమిషాలు పట్టుకోండి, బయటికి తీసి లైటుకి ఎదురుగా పెడితే సన్నటి చిల్లులు కనిపిస్తాయి, అవి కూడా అంతటా పడవు, ఎక్కడ సౌండ్ గట్టిగా ఉందో అక్కడే వరసగా పడతాయి. చిల్లులు పడ్డాయంటే బుడగలు కుంగుతున్నట్టే. తొట్టి నడుస్తుండగా వేళ్ళు మాత్రం పెట్టకండి.

ఆ తొట్టి నీళ్ళు ఉత్తగా కూడా వెలుగుతాయి కానీ మన కంటికి దాదాపు ఆనదు. అందుకని ల్యూమినాల్ అనే, రియాక్షన్ జరిగితే నీలంగా వెలిగే కెమికల్ వాడాలి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి 0.18 గ్రాముల ల్యూమినాల్, 10 గ్రాముల సోడియం కార్బొనేట్, అంటే వాషింగ్ సోడా, వంటసోడా కాదు, దాని క్షారం చాలదు. గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని కలపండి, పల్చటి గాజు బీకర్‌లో పోసి ఆ బీకర్‌ని తొట్టి నీళ్ళల్లో సగం ముంచి ఆన్ చేసి లైట్లు ఆర్పేయండి. బుడగల్లో వేడికి నీటి అణువులు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే, దేనితోనైనా చటుక్కున రియాక్ట్ అయ్యే ముక్కలు పుడతాయి, అవి ల్యూమినాల్‌ని వెలిగిస్తాయి, నీలం రంగు పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. నిజానికి ఇది కెమిస్ట్రీ ఇచ్చే వెలుగు, బుడగ సొంత వెలుగు కాదు, అయినా ఫ్రెండ్స్‌కీ పిల్లలకీ చూపించడానికి దీన్ని మించింది లేదు, ఫెయిలవడం కూడా తక్కువ. చాలామందికి ఇక్కడిదాకా చాలు అని నా అభిప్రాయం.

ఇంకా చేయాలనుందా, అయితే ఒంటి బుడగ. దీనికి 100 మిల్లీలీటర్ల గుండ్రటి బోరోసిలికేట్ (వేడికి తట్టుకునే గాజు) ఫ్లాస్క్ ఒకటి కావాలి, అడుగు చదునుగా ఉన్నది వద్దు, మెడ సన్నగా చిన్నగా ఉంటే మంచిది. పీజో సిరామిక్ డిస్కులు, అంటే కరెంట్ ఇస్తే వణికే పింగాణి బిళ్ళలు, రెండు, 15 నుంచి 20 మిల్లీమీటర్ల వెడల్పు, కాస్త మందం ఉన్నవి. బజర్లలో వచ్చే ఇత్తడి రేకు డిస్కులు డ్రైవ్ చేయడానికి పనికిరావు, వాటి నుంచి చిన్న ముక్క మైక్‌గా మాత్రం వాడుకోవచ్చు. ఒక్కో హెర్ట్జ్ చొప్పున మార్చగలిగే సిగ్నల్ జనరేటర్, చౌకగా వచ్చే డీడీఎస్ (డిజిటల్‌గా సిగ్నల్ పుట్టించే) మాడ్యూల్ అయినా పర్లేదు. ఫోన్ యాప్‌లతో కుదరదు, 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో పనిచేసే ఆడియో 24 దాటి పైకి వెళ్ళలేదు, మనకి కావాల్సింది అంతకన్నా పైనే. ఆంప్లిఫైయర్ 30 కిలోహెర్ట్జ్ దాకా నిలబడేది కావాలి, క్లాస్ డీ అనే కొత్త రకం ఆంప్ బోర్డుల్లో చాలావాటికి 20 దాటాక అవుట్‌పుట్ పడిపోతుంది కాబట్టి పాతకాలం క్లాస్ ఏబీ ఆంప్ నయం. రెండు చానళ్ళ ఆసిలోస్కోప్ తప్పదు. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో కాయిల్స్, రెసిస్టర్ల లాంటి చిల్లర సామాన్లు దొరుకుతాయి, పీజో డిస్కులు మాత్రం ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకోవడమే సుఖం.

డిస్కులు అంటించడం దగ్గర తొందరపడకండి. ముందు గాజు వైపు ఉండే ముఖానికి సన్నటి తీగ సోల్డర్ చేయాలి, ఎందుకంటే అంటించాక ఆ వైపు అందదు. సోల్డరింగ్ ఐరన్‌ని ఒకటి రెండు సెకన్లకి మించి ఆనించకండి, సిరామిక్ బాగా వేడెక్కితే దాని పోలరైజేషన్ (కరెంట్‌కి వణికే గుణం) పోయి ఉత్త పింగాణి ముక్క అయిపోతుంది. తర్వాత ఫ్లాస్క్ నడుం దగ్గర సరిగ్గా ఎదురెదురుగా, రెండిటికీ ఒకే (ప్లస్ లేదా మైనస్) గుర్తు ఉన్న వైపు గాజుకి తగిలేలా, పల్చగా ఎపాక్సీ రాసి నొక్కి ఒక రాత్రి అలా వదిలేయండి. జిగురులో గాలి బుడగ ఉండిపోతే సౌండ్ అక్కడే ఆగిపోతుంది. మైక్ ముక్క అడుగున. తీగలు జుట్టంత సన్నగా ఉండాలి, లావు తీగలు ఫ్లాస్క్ వైబ్రేషన్‌ని తినేస్తాయి. ఫ్లాస్క్‌ని బల్ల మీద కూర్చోబెట్టొద్దు, మెడ దగ్గర క్లాంప్‌తో వేలాడదీయండి.

రెండు డిస్కులూ ప్యారలల్‌లో కలిపి కెపాసిటెన్స్ కొలవండి. వాటికి సిరీస్‌లో ఒక ఇండక్టర్, అంటే కాయిల్, పెట్టాలి, లేకపోతే ఆంప్ ఇచ్చే వోల్టేజ్ సరిపోదు. లెక్క ఏంటంటే ఫ్రీక్వెన్సీని 6.28తో గుణించి స్క్వేర్ చేసి కెపాసిటెన్స్‌తో గుణించండి, వచ్చినదాంతో ఒకటిని భాగించండి. రెండు డిస్కులూ కలిపి 4 నానోఫారడ్లు, ఫ్రీక్వెన్సీ 26 కిలోహెర్ట్జ్ అనుకుంటే 9.4 మిల్లీహెన్రీలు వస్తుంది. ఒకే కాయిల్ దొరక్కపోతే చిన్నవి నాలుగైదు వరసగా పెట్టి సర్దుకోండి. గ్రౌండ్ వైపు ఒక ఓమ్ రెసిస్టర్ పెడితే దాని మీద వోల్టేజే కరెంట్ ఎంతో చెప్పేస్తుంది, స్కోప్ ఒక చానల్ దానికి, రెండోది మైక్‌కి. ఇక్కడ జాగ్రత్త, రెజొనెన్స్‌లో, అంటే సరైన ఫ్రీక్వెన్సీ కుదిరి ఊపు బాగా పెరిగినప్పుడు, డిస్కుల మీద వందల వోల్ట్‌లు ఉంటాయి, ఆంప్ మీద తక్కువే కదా అని చేయి పెడితే గట్టిగా కొడుతుంది. కనెక్షన్లన్నీ టేపుతో మూసేయండి, ఏది ముట్టుకోవాలన్నా ముందు పవర్ ఆపండి.

ఇప్పుడు అసలు సంగతి, నీళ్ళు. బోరు నీళ్ళు, ఆర్వో నీళ్ళు కాదు, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. మామూలు నీళ్ళల్లో గాలి నిండుగా కరిగి ఉంటుంది, మనకి అందులో సుమారు 20 నుంచి 40 శాతం మిగిలితే చాలు. ఒక గుండ్రటి అడుగు ఫ్లాస్క్‌లో నీళ్ళు పోసి, రబ్బరు బిరడాలో గాజు గొట్టం దూర్చి, ఆ గొట్టానికి మెత్తటి రబ్బరు ట్యూబ్ తగిలించి, ఓ పావుగంట తెరలు కాగేలా మరిగించండి, ఆవిరి ట్యూబ్ లోంచి బయటికి పోతూ గాలిని తోసుకుపోతుంది. మంట ఆపేసి, వెంటనే ట్యూబ్‌ని క్లిప్‌తో బిగించేయండి, ఎట్టి పరిస్థితుల్లోనూ క్లిప్ వేశాక మంట మీద ఉంచకూడదు, పేలుతుంది. చల్లారేకొద్దీ లోపల వ్యాక్యూం వస్తుంది, అందుకే గుండ్రటి ఫ్లాస్క్ అన్నాను, కోన్‌లా ఉండే పల్చటి ఫ్లాస్క్ ఆ ఒత్తిడికి లోపలికి పగలొచ్చు, వ్యాక్యూం కోసం చేసిన మందపాటి ఫ్లాస్క్ ఏమో మంటకి పగుల్తుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి, మీద తువ్వాలు కప్పి ఉంచండి. గది వేడికి వచ్చాక ఫ్రిజ్‌లో పెట్టండి.

నీళ్ళు పోసే పద్ధతి కూడా ముఖ్యం. పైనుంచి గలగలా పోశారంటే పడ్డ కష్టమంతా పోయింది, మళ్ళీ గాలి కలిసిపోతుంది. ఫ్లాస్క్ వంచి గోడ మీంచి జారేలా నెమ్మదిగా, మెడ మొదలుదాకా నింపండి, పైన గాలి తగిలే చోటు ఎంత చిన్నదైతే నీళ్ళు అంత ఎక్కువసేపు పనికొస్తాయి. ఫ్లాస్క్‌ని సబ్బుతో కడిగితే ఆఖరున డిస్టిల్డ్ వాటర్‌తో చాలాసార్లు తొలవండి. స్పిరిట్, శానిటైజర్ లాంటివి లోపలికి అసలు పోనివ్వొద్దు, ఆల్కహాల్ కొంచెం కలిసినా చాలు, బుడగ చక్కగా నిలబడే ఉంటుంది కానీ వెలుగు మాత్రం చచ్చిపోతుంది, కారణం తెలీక ఎలక్ట్రానిక్స్ అంతా విప్పుకుని కూర్చుంటారు.

ట్యూనింగ్‌కి వద్దాం. ధ్వని వేగాన్ని ఫ్లాస్క్ లోపలి వ్యాసంతో భాగిస్తే రెజొనెన్స్ ఎక్కడుంటుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది, 100 మిల్లీలీటర్ల గోళానికి వ్యాసం 5.76 సెంటీమీటర్లు, 20 డిగ్రీల నీళ్ళల్లో వేగం సెకనుకి 1482 మీటర్లు, కాబట్టి 25.7 కిలోహెర్ట్జ్. గాజు వల్ల నిజమైనది ఇంకొంచెం పైన ఉంటుంది. తక్కువ వాల్యూమ్‌లో 25 నుంచి 29 దాకా నెమ్మదిగా జరుపుతూ మైక్ సిగ్నల్ చూడండి, ఒకచోట ఒక్కసారిగా లేస్తుంది. ఆ శిఖరం ఎంత సన్నగా ఉంటుందంటే పదుల హెర్ట్జ్ అటూ ఇటూ అయితే చాలు, పడిపోతుంది. పైగా నీళ్ళు వేడెక్కితే ధ్వని వేగం మారి ఆ శిఖరం కూడా కదులుతుంది, 20 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీకి 50 హెర్ట్జ్ పైన, బాగా చల్లటి నీళ్ళల్లో 70, 80 దాకా జరిగిపోతుంది. అందుకే ఫ్రిజ్ నీళ్ళతో చేసేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ ఫ్రీక్వెన్సీ నాబ్ మీదే ఉండాలి.

శిఖరం దొరికాక బుడగ వేయాలి. ఫ్లాస్క్‌లో నీళ్ళే కొంచెం డ్రాపర్‌తో తీసుకుని పైనుంచి ఒక్క చుక్క వదలండి, చుక్క పడ్డ చోట చిన్న బుడగలు పుడతాయి, వెనకనుంచి టార్చ్ వేసి చూస్తే అవి పైకి తేలకుండా మధ్యలోకి లాక్కున్నట్టు రావడం కనిపిస్తుంది. మొదటిసారి చూసేవాళ్ళు ఇక్కడే నోరెళ్ళబెడతారు. సౌండ్ ప్రెషర్ గట్టిగా ఊగే చోటికి చిన్న బుడగల్ని తోసే బలం ఒకటుంది, బ్యెర్క్‌నెస్ ఫోర్స్ అంటారు, పనంతా దానిదే. అన్నీ కలిసి ఒక్కటైపోతాయి, మైక్ సైన్ వేవ్ మీద సన్నటి ముడతలు కనిపిస్తాయి. బుడగ ఉందో లేదో కంటితో వెతుక్కునే కన్నా ఆ ముడతలు చూడ్డం తేలిక.

బుడగ ఎలా ప్రవర్తిస్తుందో చూస్తే ఏం తేడా ఉందో తెలిసిపోతుంది. కొన్ని సెకన్లలో కరిగి మాయమైతే వాల్యూమ్ తక్కువ, లేదా నీళ్ళల్లో గాలి మరీ తీసేశారు, మూత తీసి కాసేపు ఆగి మళ్ళీ వేయండి. అక్కడే ఉంటూ గిలగిలా డాన్స్ చేస్తుంటే వాల్యూమ్ ఇంకొంచెం పెంచాలి. ఎంత పెంచినా డాన్స్ ఆగకపోయినా, పెద్ద బుడగలు పుట్టి గాజుకి అంటుకుంటున్నా గాలి ఎక్కువుంది, మళ్ళీ మరిగించాల్సిందే, వేరే దారి లేదు. పెంచుతూ పెంచుతూ ఉంటే ఒకచోట డాన్స్ ఠక్కున ఆగి బుడగ చిన్నగా, పిన్ను కుచ్చినట్టు కదలకుండా నిలబడుతుంది, వెలిగేది ఆ తర్వాతే. అప్పుడు నీళ్ళల్లో ప్రెషర్ ఊపు 1.2 నుంచి 1.4 బార్ మధ్య ఉంటుంది. ఇంకా పెంచితే చటుక్కున పోతుంది, అలా పోయే పాయింట్‌కి ఒక వెంట్రుకవాసి కిందే వెలుగు అన్నిటికన్నా ఎక్కువ, కాబట్టి నాబ్ మీద ఆశ పడకుండా ఉండడం కష్టం.

చూడాలంటే గది నిజంగా చీకటిగా ఉండాలి. స్కోప్ స్క్రీన్ వెనక్కి తిప్పేయండి, ఆంప్ మీదున్న ఎల్‌ఈడీకి నల్ల టేపు వేయండి, ఫోన్ జేబులో పెట్టండి, పది పదిహేను నిమిషాలు కళ్ళకి అలవాటు పడనివ్వండి. ఫ్లాస్క్ నడిమధ్యలో నీలంగా చుక్క కనిపిస్తుంది, కనబడకపోతే సూటిగా కాకుండా కొంచెం పక్కకి చూడండి, చీకట్లో కంటి పక్కచూపే బాగా పనిచేస్తుంది. ఫోటో కావాలంటే ట్రైపాడ్, పెద్ద అపర్చర్ లెన్స్, 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో మొదలుపెట్టి చూసుకోండి. ఆ వెలుగులో అల్ట్రావయలెట్ వైపే ఎక్కువ, 200 నానోమీటర్ల కింద ఉన్నదంతా నీళ్ళే తాగేస్తాయి, మనకి మిగిలేది ఈ కొస.

వెలిగాక ఆడుకోవడానికి అన్నిటికన్నా మంచిది చల్లదనం. గది ఉష్ణోగ్రతలో ఉన్న నీళ్ళతో మసగ్గా ఉన్న చుక్క సున్నా డిగ్రీల దగ్గరికి వెళ్ళేకొద్దీ స్పష్టంగా పెరుగుతుంది, ఎందుకంటే చల్లటి నీళ్ళకి ఆవిరి ప్రెషర్ తక్కువ, బుడగలో ఆవిరి తక్కువుంటే కుంగినప్పుడు వేడి దాన్ని విడగొట్టడానికి వృథా కాదు. బయట ఫ్లాస్క్ మీద తేమ పట్టి తీగల మీదికి కారుతుంది, అది తుడవడానికి ముందు కూడా పవర్ ఆపాలి. సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో ఆర్గాన్ బుడగ పెడితే నీళ్ళల్లో కన్నా ఎన్నో రెట్లు వెలుగుతుంది, 2005లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఫ్లానిగన్, సస్లిక్ దాంట్లోనే 15,000 కెల్విన్ల దాకా కొలిచి లోపల ప్లాస్మా, అంటే అయనీకరణ చెందిన గ్యాస్, ఉందని చూపించారు, కానీ గాఢ ఆసిడ్ నిండిన గాజు గోళాన్ని గట్టిగా వైబ్రేట్ చేయడం ఇంట్లో చేసే పని కాదు, చేయకండి. అలాగే బుడగలో ఫ్యూజన్ (సూర్యుడిలో జరిగే అణు కేంద్రకాల కలయిక) అయిపోతుంది, ఫ్రీ కరెంట్ వచ్చేస్తుంది అని వీడియోలు కనిపిస్తుంటాయి, 2002లో అమెరికాలో అలాంటి క్లెయిమ్ ఒకటి పెద్ద జర్నల్‌లోనే వచ్చింది, వేరే వాళ్ళు చేస్తే నిలబడలేదు, వాటి వెనక పడి టైం పాడుచేసుకోకండి.

ఆపేటప్పుడు ముందు వాల్యూమ్ సున్నాకి తెచ్చి తర్వాత ఆంప్ ఆపండి. ఆ నీళ్ళు మూతపెట్టి ఉంచితే అదే పూట ఇంకోసారి పనికొస్తాయి, మర్నాటికి మాత్రం గాలి ఎక్కేసి ఉంటుంది, పారబోసి కొత్తవి మరిగించుకోండి. ఫ్లాస్క్ ఖాళీ చేసి బోర్లించేటప్పుడు డిస్కుల తీగలు లాగకుండా చూసుకోండి, అన్నిటికన్నా ముందు తెగేవి అవే.